దొంగల పుస్తకం

సెప్టెంబరు 4

కాలేజీ నుంచి మళ్ళీ ఫోను. డిపార్టుమెంటు హెడ్డు గారు. "అమ్మా, మేడం గారి నీలం అట్ట నోటుపుస్తకం ఒకటి ఇంట్లో ఉండిపోయిందేమో కాస్త చూస్తారా?" అని అడిగారు. నా కూతుర్ని అక్కడ అందరూ మేడం గారనే అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్లని. చూసి చెప్తానన్నాను.

చూడటానికేముంది. పుస్తకం నా కుట్టుమిషను కింది అరలో, లైనింగు గుడ్డల అడుగున ఉంది. పెట్టింది నేనే.

సెప్టెంబరు 5

దొరకలేదని చెప్పాను.

సెప్టెంబరు 7, ఆదివారం

అది అబద్ధమని నేను అనుకోవడం లేదు. వాళ్ళకి కావలసింది వేరే పుస్తకమేదో అయి ఉంటుంది.

చేతులు ఊరుకోవడం లేదు. కొలతల పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి కదా అని రాస్తున్నాను. ఐదో తరగతి చదువుకి ఇంతకంటే ఏం రాత వస్తుంది. ఎవరు చూడొచ్చారు గనక.

పిల్ల పోయి ముప్పై ఒక్క రోజులు.

ఆదివారం సాయంత్రం నా మిషను ఎదురుగా కుర్చీ వేసుకుని, సోమవారం క్లాసులో చెప్పబోయేది ముందు నాకు చెప్పేది. "నీకర్థమైతే అందరికీ అర్థమైనట్టేనమ్మా" అనేది. "అంటే క్లాసు మొత్తం మీద మొద్దుని నేనన్నమాట" అన్నానొకసారి. "కాదు. నువ్వు అర్థం కాకపోతే అర్థమైనట్టు తలకాయ ఊపవు. వాళ్ళు ఊపుతారు" అంది.

దాని ల్యాబులో ఆరు బల్లలు. బల్లకో మిషను. ఒకటి కడ్డీని నిటారుగా నిలబెట్టాలి. ఒకటి పలక మీద బంతిని జారిపోకుండా మధ్యలో ఆపాలి. ఒకటి తొట్టిలో నీళ్ళని గీత దగ్గర ఉంచాలి. ఒకటి తగరపు పెట్టెలో వేడి ఎక్కువా తక్కువా కాకుండా చూసుకోవాలి. ఇలా ఏవో. ప్రతి మిషనుకీ బొటనవేలంత బోర్డు ఒకటి. అది ఒక్కసారి చూస్తుంది, ఏం చెయ్యాలో లెక్క వేసుకుంటుంది, మోటారుకి చెప్తుంది, మళ్ళీ చూస్తుంది. మనలాగా కళ్ళప్పగించి చూడదు. చూసి, కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి చూస్తుంది. "ఎంతసేపటికోసారి చూడాలి అన్నదే అసలు విద్యమ్మా" అంది. నేను దారం ఎక్కిస్తూ, "అవును మరి, పాలు పొయ్యి మీద పెట్టి పది నిమిషాలకోసారి వచ్చి చూస్తానంటే అవి ఆగుతాయా, పొంగి కూర్చుంటాయి" అన్నాను. కుర్చీలోంచి ఎగిరి లేచింది. మర్నాడు క్లాసులో అదే చెప్పిందట. మా అమ్మ చెప్పింది అని కూడా చెప్పిందట.

ఇంకో పని కూడా చేసేది. పిల్లలు కాగితం మీద అన్నీ రాస్తారు గానీ చేతికి పని రాదని దాని బాధ. అందుకని క్లాసుకి ముందే ప్రతి మిషనులో కావాలని ఒక తప్పు పెట్టేది. ఎర్ర తీగ చోట నల్ల తీగ. ఒక మర వదులు. ప్రోగ్రాంలో ఒక్క అంకె మార్పు. వాటికి దొంగలని పేరు. ఎక్కడ ఏ దొంగని పెట్టిందో నీలం పుస్తకంలో రాసుకునేది. పట్టుకున్న పిల్లల పేర్లు ఆ పక్క గడిలో ఎక్కించేది. ఒకసారి నలుగురు మగపిల్లలు మూడు గంటలు వెతికి, బల్లని బోర్లించినంత పని చేసి, చివరికి స్విచ్చి వెయ్యలేదని కనిపెట్టారట. అది చెప్తూ నవ్వలేక పొట్ట పట్టుకుంది.

సెప్టెంబరు 9

ఒక పిల్ల వచ్చింది. కళ్ళద్దాలు సోడాబుడ్డి అడుగంత మందం. తలుపు తియ్యగానే, "ఆంటీ, నేను మేడం స్టూడెంటుని" అని, చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియక రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని నిలబడింది.

"చివరి వారం మేడం ఆరు బల్లల్లోనూ దొంగల్ని పెట్టి వెళ్ళారాంటీ. ఆ తర్వాత..."

"మరి పట్టుకోండి" అన్నాను.

"కొత్త సారు ముట్టుకోనివ్వట్లేదు. దొంగల సంగతి చెప్తే నవ్వారు. పాడైన మిషన్లకి కథలు కట్టకండి అన్నారు. ఇరవై ఆరున లారీ వస్తుంది, పాత సామానులోకి పంపేస్తారు. ఇంక ల్యాబంటే కంప్యూటర్లో బొమ్మలేనట. ఆ బంతి ఎప్పుడూ కింద పడదాంటీ." అదేదో పెద్ద నేరం అన్నట్టు చెప్పింది. "పుస్తకం చూపిస్తే సారు నమ్ముతారు. మాకు జవాబులు వద్దు. పుస్తకం ఉంటే చాలు."

"లేదు తల్లీ."

నా మిషను వంక చూడలేదు. నా మొహం వంకే చూసింది. మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు తనే కడిగి బోర్లించి పోయింది.

సెప్టెంబరు 10

నాలుగు గౌన్లు కుట్టాను. రెండు విప్పాను.

సెప్టెంబరు 12

మా ఆయన బస్సు దిగి ఇంటికొచ్చి నిలబడే అన్నం తింటున్నారు. కూర్చోమంటే "కూర్చుంటే లేవలేను" అంటారు. ముప్పై ఏళ్ళు స్టీరింగు ముందు కూర్చున్న మనిషి. నాకూ కాలు నిలవడం లేదు. వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి వంటింట్లోకి. ఇద్దరం ఎదురైతే ఒకరికొకరం దారి ఇచ్చుకుంటున్నాం, ఏదో ఆఫీసు వరండాలో మనుషుల్లాగా.

పిల్ల జ్వరం గురించి ఈ పుస్తకంలో రాయను.

సెప్టెంబరు 13

ఎందుకివ్వవు అని నన్ను నేనే అడుక్కుని చెప్తున్నాను.

పుస్తకంలో తారీఖులున్నాయి. అన్నిటికంటే చివర పెట్టిన దొంగ ఒకటో బల్ల మీదిది, కడ్డీ మిషనులో. ఎర్ర తీగ, నల్ల తీగ చోట ఉంది. ఆ తీగని మెలితిప్పి అక్కడ బిగించింది దాని వేళ్ళే. ఈ లోకంలో దాని చేతులు ఆఖరుగా చేసిన పని అదే. ఇంట్లో దాని పక్క దులిపేశాను, బట్టలు ఉతికేశాను, తల దువ్వుకున్న దువ్వెన కూడా బుద్ధిలేక కడిగేశాను. అది ఎక్కడ పెట్టిందో అక్కడే ఉన్నవి ఆ ఆరు దొంగలే. పుస్తకం ఇస్తే గంటలో అన్నీ సరిచేస్తారు. శుభ్రంగా తుడిచేసినట్టు.

లారీ తీసుకుపోతే పోనీ. లారీలోనైనా ఆ తీగ అలాగే ఉంటుంది.

సెప్టెంబరు 15

దాని సామాను తెచ్చుకుందామని కాలేజీకి వెళ్ళాను. సామాను కోసమే.

కొత్త సారు పాపం కుర్రవాడే. చొక్కా ముందు భాగమే ఇస్త్రీ చేసుకున్నాడు, వెనకంతా ముడతలు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఒక శాలువా, చెవి విరిగిన కప్పు, పిడి మీద గోళ్ళరంగు పూసిన స్క్రూడ్రైవరు ఒక అట్టపెట్టెలో సర్ది ఉంచాడు. గోళ్ళరంగు గుర్తు పెట్టకపోతే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారనేది.

ముగ్గురు పిల్లలు బంతి బల్ల చుట్టూ నిలబడ్డారు. బంతి పలక మీంచి దొర్లిపోయి నా కాలి దగ్గరికి వచ్చింది. "బంతికి కూడా మన క్లాసు పడట్లేదు సార్, పారిపోతోంది" అన్నాడొక పొడుగు కుర్రాడు. సారు నవ్వలేదు.

"అమ్మా, ఒకటి చెప్తాను ఏమనుకోకండి" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "ఆవిడకి చేతిలో ఉన్న విద్య నాకు లేదు. నేను పుస్తకాల్లో చదివి వచ్చినవాణ్ణి. ఈ మిషన్లు ఆరింటికి ఆరూ పని చెయ్యట్లేదు. ఎందుకో తెలీదు. పిల్లల ముందు రోజూ తలవంపులు. అదే కంప్యూటరైతే..." ఆగిపోయాడు. "ఇరవై రెండున కమిటీ వస్తుంది. ఒక్కోదాన్నీ అరగంట ఆన్ చేసి, పనికిరాదని రాసుకుని సంతకాలు పెడతారు. ఆ తర్వాత లారీ."

పుస్తకం సంగతి నాకు నాలుక చివరిదాకా వచ్చింది. కిందికి వంగి బంతి తీసిచ్చి, అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చేశాను. వచ్చేముందు ఒకటో బల్ల దగ్గర ఆగాను. నల్ల తీగ ఉండాల్సిన చోట ఎర్ర తీగ. వేలితో ముట్టుకున్నాను. ఎవరూ చూడలేదు.

సెప్టెంబరు 16

బాగానే ఉన్నాను.

సెప్టెంబరు 18

ఇన్నాళ్ళూ తారీఖులే చూశాను, రాత చదవలేదు. దాని రాత చూస్తే కళ్ళు నిలవవు. ఇవాళ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. నాలుగో బల్ల దగ్గరికి వచ్చాను. ఉన్నదున్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"నాలుగో బల్ల. తగరపు పెట్టె. దొంగ: రెండు సెకన్లకోసారి వేడి చూడాల్సింది, మూడు నిమిషాలకోసారి చూస్తుంది. చల్లగా ఉందని చూసి వేడి పెంచుతుంది. మళ్ళీ చూసేలోపు మాడిపోతుంది. ఐదు నిమిషాలకి మించి ఆన్‌లో ఉంచకూడదు. స్విచ్చి మీద చెయ్యి వేసి నేను పక్కనే ఉండాలి."

నేను పక్కనే ఉండాలి. కింద రెండు గీతలు గీసింది.

కమిటీ వాళ్ళు అరగంట పెడతారు.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నేను కూడా.

ఇంక రాయలేను.

సెప్టెంబరు 20

ఆ నాలుగో బల్ల ఒక్కటీ చెప్తే సరిపోతుంది కదా అని ఫోను చేశాను. హెడ్డు గారు "హలో, ఎవరండీ, హలో" అన్నారు. పెట్టేశాను.

సెప్టెంబరు 21

మళ్ళీ చేశాను. ఆదివారం కదా, ఎవరూ ఎత్తలేదు. ఎత్తనందుకు సంతోషపడ్డాను. అదీ నా బుద్ధి.

సెప్టెంబరు 22

పొద్దున్నే పుస్తకం సంచిలో వేసుకుని బయలుదేరాను. ఆయన డ్యూటీకి పోయారు. ఆయనకి చెప్పలేదు.

కాలేజీ గేటు దగ్గరనుంచి ల్యాబుదాకా ఎలా నడిచానో తెలీదు. లోపల హెడ్డు గారు, కోట్లు వేసుకున్న పెద్దమనుషులు ఇద్దరు, కొత్త సారు. పిల్లలు గోడ వెంబడి వరసగా. నాలుగో బల్ల మీద దీపం వెలుగుతోంది. అప్పటికే ఆన్ చేశారు. చుట్టూ ఉన్న మనుషులు దాన్ని వదిలేసి ఐదో బల్ల వైపు తిరిగి మాట్లాడుకుంటున్నారు. రేకు కాలుతున్న వాసన నాకు తలుపులోనే తగిలింది.

వెళ్ళి ప్లగ్గు పీకేశాను.

"ఎవరమ్మా నువ్వు? ఇది ల్యాబు" అన్నాడొక కోటు ఆయన.

"మేడం వాళ్ళమ్మ గారండీ" అన్నాడు కొత్త సారు.

నేను పెట్టె మూత మీద నీళ్ళు చిలకరించాను. చుయ్యిమంది. అందరూ వెనక్కి జరిగారు. అప్పుడు సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.

హెడ్డు గారి మొహం వెలిగింది. "దొరికిందా! మరి లేదన్నారు?"

"లేదన్నానండి."

"ఎక్కడ దొరికింది?"

"నా దగ్గరే."

ఆయన "సరే, ఇటివ్వండి, మా టెక్నీషియన్ని పిలిచి గంటలో సరిచేయిస్తాం" అని చెయ్యి చాచారు.

నా చెయ్యి పుస్తకం మీంచి లేవలేదు. నాకు తెలిసే లేవలేదు.

గోడ దగ్గరనుంచి సోడాబుడ్డి పిల్ల అంది, "సార్, మాకొద్దండి జవాబులు. ఇవి మేడం మాకు పెట్టిన దొంగలు. మేమే పట్టుకుంటాం."

"ఇంకా ఆటలేంటమ్మా" అన్నారు హెడ్డు గారు, వాచీ చూసుకుంటూ.

అప్పుడు కొత్త సారు మాట్లాడాడు. చెవులు ఎర్రబడ్డాయి. "సార్, వీళ్ళకి పరీక్ష ఎలాగూ పెట్టాలి కదండీ. ఇదే పరీక్ష. లారీ ఇరవై ఆరున కదా, ఇరవై ఐదు సాయంత్రందాకా టైమివ్వండి. పట్టుకోలేకపోతే నేనే లారీ ఎక్కిస్తాను." ఆ కుర్రవాడు అంత మాట అనగలడని వాడికే తెలిసినట్టు లేదు. కోటు ఆయన నవ్వాడు. "మిషన్లనా, పిల్లల్నా?" అన్నాడు. అలా ఒప్పుకున్నారు.

నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. నా పని ఏమిటంటే, పిల్లలు వచ్చి ఫలానా అని చెప్తే, పుస్తకం చూసి అవును, కాదు అనడం. ఇంకొక్క ముక్క చెప్పకూడదు. నాలుగో బల్లకి మాత్రం స్విచ్చి మీద నేను చెయ్యి వేసి కూర్చోవాలని నేనే అన్నాను. ఐదు నిమిషాలు కాగానే ఆపేస్తాను, చల్లారాక మళ్ళీ వేస్తాను.

మధ్యాహ్నం దాటాక ఆ దొంగ దొరికింది. సోడాబుడ్డి పిల్ల కాగితం మీద చుక్కలు పెడుతూ పెడుతూ ఆగిపోయి, "ఇది మూడు నిమిషాలకోసారే చూస్తోందిరా! మధ్యలో దానికేం తెలీట్లేదు" అని అరిచింది.

పొడుగు కుర్రాడు, "ఓరి నాయనో, వేడిని మూడు నిమిషాలు చూడకుండా వదిలేసే తెలివైనవాళ్ళు ఎవరుంటారే బాబూ" అన్నాడు. అందరూ నవ్వారు.

"నేను" అన్నాను.

నేను అంటానని నాకు తెలీదు. నవ్వు ఆగిపోయింది. ఆ కుర్రాడు "అయ్యో, మిమ్మల్ని కాదాంటీ" అన్నాడు.

"నన్నే బాబూ. మీ మేడంకి జ్వరమొస్తే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూశాను. రెండుసార్లూ మాత్ర వేసిన గంటకి చూశాను. రెండుసార్లూ తొంభై తొమ్మిదే ఉంది. తగ్గుతోందనుకుని మూడు రోజులు మీ దగ్గరికి పంపాను. మధ్యలో ఎంతుందో నాకు తెలీదు. నాలుగోరోజు ఆస్పత్రికి తీసుకెళ్తే, రెండు రోజుల ముందు తీసుకురావాల్సింది అన్నాడు డాక్టరు. పాల సంగతి దానికి చెప్పింది నేనే."

సోడాబుడ్డి పిల్ల వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. కొంచెంసేపయ్యాక, "ఆంటీ, ఇది అవునా కాదా మీరు చెప్పలేదు" అంది.

"అవును" అన్నాను. పేర్ల గడిలో ఆ పిల్ల పేరూ, ఆ కుర్రాడి పేరూ నా వంకర రాతతో ఎక్కించాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. "ఎక్కడికి పోయావే? తాళం వేసుంది, ప్రాణం పోయింది" అన్నారు. పుస్తకం సంగతి, లారీ సంగతి, నాలుగో బల్ల సంగతి మొత్తం చెప్పాను. పిల్లల ముందు నేనన్న మాట కూడా. తిడతారనుకున్నాను.

ఆయన ఇన్నాళ్ళ తర్వాత కుర్చీలో కూర్చున్నారు. దాని కుర్చీ. "మధ్యలో నేను చూశాను" అన్నారు.

నాకర్థం కాలేదు.

"మూడోరోజు మధ్యాహ్నం. నువ్వు కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళావు. అది అన్నానికొచ్చింది. కంచం అందుకుంటుంటే చెయ్యి కాలింది నాకు. థర్మామీటరు పెట్టి చూశాను. నూట మూడు దాటింది."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్పొద్దంది. అమ్మకి చెప్తే ఆపేస్తుంది నాన్నా, ఒకటో బల్ల ఒక్కటే మిగిలింది, అది పెట్టేసి రేపటినుంచి పడుకుంటాను అంది. సరేలే అన్నాను. నా బస్సులోనే ఎక్కించుకుని, గేటు దగ్గర దింపాను. దిగి చెయ్యి ఊపింది కూడా. నేను వెనకాల బస్సు హారను కొడుతున్నాడని కదిలించేశాను."

అనడానికి నోటినిండా మాటలున్నాయి. ఒక్కటీ అనలేదు. అన్నం కలిపి రెండు కంచాల్లో పెట్టాను. కూర్చుని తిన్నారు.

సెప్టెంబరు 23

జ్వరం సంగతి ముగ్గురికీ తెలుసు, దానికీ, ఆయనకీ, నాకూ. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క.

ఆయన మీద కోపం వస్తోంది. పోతోంది. మళ్ళీ వస్తోంది. గౌను చేతులు తిరగేసి కుట్టాను.

సెప్టెంబరు 24

ఐదు దొరికాయి. నీళ్ళ తొట్టి దొంగ కోసం ఇద్దరు పిల్లలు నిలువునా తడిశారు. బంతి పలక మీద ఆగింది. కొత్త సారు చప్పట్లు కొట్టి, తర్వాత ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకున్నాడు. వచ్చే టర్ముకి తనే దొంగల్ని పెడతాడట. "మీరు పెడితే స్విచ్చి దగ్గర ఎవరు కూర్చుంటారు సార్?" అని పిల్లలు ఏడిపించారు.

ఒకటో బల్ల మిగిలింది. ఎవరూ దాని దగ్గరికి పోవడం లేదని నాకనిపించింది. అడిగితే సోడాబుడ్డి పిల్ల తల వంచుకుంది. "అది మొన్ననే తెలిసిందాంటీ. చూడగానే కనిపిస్తుంది, ఎర్ర తీగ. మీరు మొదటిసారి వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోవడం చూశాను. అందుకని..."

రేపు చెప్తానన్నాను.

సెప్టెంబరు 25

ఆయన సెలవు పెట్టారు. ఇద్దరం వెళ్ళాం. తను నడపని బస్సులో ఆయన అటూ ఇటూ కదులుతూనే ఉన్నారు, బ్రేకు ఇంత గట్టిగా వెయ్యాలా అని గొణుక్కుంటూ.

ల్యాబులో ఆయన్ని ఒకటో బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, "ఇదే" అన్నాను. ఆయన చూశారు. ముట్టుకోలేదు.

పిల్లలందరూ నా మొహం చూస్తున్నారు. హెడ్డు గారు కూడా వచ్చి నిలబడ్డారు, వాచీ చూసుకోకుండా. పుస్తకం తెరిచి పెట్టుకున్నాను. "చెప్పండి" అన్నాను. మళ్ళీ, "దొంగ ఎవరో చెప్పమ్మా" అన్నాను.

"ఎర్ర తీగ, నల్ల తీగ చోట ఉందాంటీ."

"అవును."

"మార్చమంటారా?"

ఆయన నా వైపు తిరిగారు. వద్దు అని నోట్లోనే ఉంది.

"మార్చు తల్లీ. మీ మేడంకి చెడ్డ చిరాకు, పట్టుకున్నాక కూడా మార్చకుండా పెడితే."

గోళ్ళరంగు పూసిన స్క్రూడ్రైవరు సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆ పిల్ల కళ్ళద్దాలు పైకి తోసుకుని వంగింది. మర వదులు చేసింది. నా కూతురు మెలితిప్పిన తీగ మెలిక కొంచెం కొంచెంగా విడింది. రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉన్నాను. పక్కన ఆయన కూడా.